అలసట వెనుక పనిభారం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో నాట్లకూ రైసు మిల్లులకూ వెళ్లే స్త్రీల దగ్గర నేను తరచుగా వినే మాట: 'నిద్ర పడతలేదు, గుండె దడదడ అంటుంది.' ఇది బలహీనత కాదు. మేస్త్రీ కసిరినా, కూలి ఆగినా మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తాయి. రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ఆపద తీరాక తగ్గాలి. కానీ ఇంటికొస్తే వంట, పిల్లలు, గొడ్లు. శరీరానికి తెరిపి ఏదీ?

వారానికి 35-40 గంటలు పనిచేసేవారికంటే 55 గంటలు, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. జీతంలేని ఇంటి చాకిరీ ఆ గంటల్లో కలవలేదు.

మాత్రలొక్కటే చాలవు. విశ్రాంతి, సకాలంలో కూలి, ఇంటిపనిలో మగవాళ్ల వాటా మన ఆరోగ్య హక్కులే. సంఘ సమావేశాల్లో బీపీతో పాటు, ఇంటిపని కలిపి, పనిగంటలూ రాద్దాం.