కొనే స్థలం కింద ఏముంది?

బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేస్తూ, ఊరి శివార్లలో జాగా చూసుకుంటున్న మన తెలుగువారికి ఒక మాట. కాగితాలు చూస్తారు, రోడ్డు చూస్తారు. మరి భూమి కింద గ్యాస్ గొట్టం ఉందేమో చూశారా?

కోనసీమలోని నగరం గ్రామం గుర్తుందా? 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు.

గొట్టాల దారి రహస్యమా? కాదండీ. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం గొట్టం పోయే భూమి వివరాలను ముందే గెజిట్‌లో ప్రకటించాలి. అభ్యంతరం చెప్పడానికి 21 రోజుల గడువు. ఆ తర్వాత భూమి మీదే, కానీ గొట్టం పోయే మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

చిక్కల్లా, పాత గెజిట్లు తిరగేసే ఓపిక ఎవరికుంది? అమెరికాలో అయితే కౌంటీ పేరు కొడితే పెద్ద పైపులైన్ల మ్యాపు ఎవరికైనా కనిపిస్తుంది. మరీ దగ్గరగా మాత్రం చూడనివ్వరు. ఇక్కడ పెట్రోలియం నియంత్రణ బోర్డు దేశపటం ఉంది గానీ, అందులో మీ పొలం గట్టు కనబడదు. భద్రత కోసమంటారు. గెజిట్‌లో అచ్చయ్యాక ఇంకా దాపరికమేమిటో!

కాబట్టి కొనేముందు ఖస్రా నంబరుతో పట్వారీని అడగండి. తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చుట్టుపక్కల కంపెనీ పేరు, ఫోన్ నంబరు రాసిన హెచ్చరిక బోర్డు కనిపిస్తే, జేసీబీ దించకముందే ఆ నంబరుకు ఫోన్ చేయండి.