ఇంట్లో కుక్క – ఒళ్ళో బిడ్డ

(ఖుర్దా రోడ్‌లో మన సంఘ ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



నేను వక్తను కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. కార్యదర్శిగారు, “సభలో నలుగురికీ పనికివచ్చే ముక్క ఏదైనా చెప్పవయ్యా” అన్నప్పుడు, నాకు అట్టిది ఒక్కటే తోచింది. అది నా బిడ్డ బుగ్గమీద వ్రాసి ఉన్నది. తక్కినది ఆ తరువాత డాక్టర్లనూ, పశువైద్యులనూ అడిగి తెలుసుకొన్నాను.

మన కాలనీలో కుక్క లేని వరుస లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి మన తాతలు రైలుపనికి వచ్చి ఇక్కడ స్థిరపడిన కాపురాలు మనవి. మగవాడు రాత్రి డ్యూటీకి పోతే ఇంట్లో ఆడవాళ్ళకు గుమ్మంలో కుక్క ఒక ధైర్యం. కనుక కుక్కను పెంచవద్దని నేను చెప్పబోవడం లేదు. కుక్క ఉన్న ఇంట్లో చంటిబిడ్డ ఉంటే పెద్దలు ఎట్లా మెలగవలెనో అదే చెబుతాను.

మా జిమ్మీ 2017లో మా క్వార్టరుకు వచ్చింది. పార్సిలాఫీసు వెనుక తల్లిలేని పిల్ల దొరికితే సంచిలో వేసుకొని తెచ్చాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఇంట్లో అమ్మా, నేనూ, అదీ. పాలన్నం తిని పెరిగింది. “చీమకైనా అపకారం చేయదండీ” అని ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ గొప్పగా చెప్పేవాణ్ణి.

2021లో పెళ్ళయింది. 2023 జనవరిలో పాప పుట్టింది. మన ఆనవాయితీ ప్రకారం కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ, అయిదో నెలలో బిడ్డతో తిరిగివచ్చింది. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, హారతి, దిష్టినీళ్ళు. అడ్డం వస్తుందని జిమ్మీని వసారాలో గొలుసువేసి కట్టాము. నిన్నటిదాకా మంచం కింద పడుకొన్న జంతువు ఆ రాత్రంతా బయట ఏడ్చింది. బిడ్డ వచ్చిన రోజే దాని చోటు పోయిందన్న సంగతి మాకెవ్వరికీ తట్టలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ లోపలికి రానిచ్చాము. పాప పాకుతున్నది. పోయి దాని చెవి పట్టుకొనేది, తోక లాగేది. జిమ్మీ ముఖం అవతలికి తిప్పుకొనేది, ఆవులించేది, మూతి నాకుకొనేది, లేచి వేరేచోటికి పోయేది. పాప వెంటబడేది. మేము నవ్వుతూ సెల్‌ఫోన్లో ఫొటోలు తీసుకొనేవాళ్ళం. ఒకనాడు జిమ్మీ గుర్రుమన్నది. నేను చెప్పు తీసి కొట్టాను. మరొకనాడు గుర్రుమన్నది, మళ్ళీ కొట్టాను. ఆ తరువాత గుర్రుమనడం మానివేసింది. “దానికి బుద్ధి వచ్చింది” అనుకొన్నాము. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. నేను కాటు వేయకముందే వేశాను ఆ దెబ్బ.

2023 నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. మా ఆవిడ వంటింట్లో ఉన్నది. అమ్మ కునుకు తీస్తున్నది. నేను గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాను. బిడ్డను ఇంకొకరు చూస్తున్నారని ముగ్గురమూ అనుకొన్నాము. జిమ్మీ వారంరోజులుగా తల విదిలించుకొంటున్నది. చెవిలో ఏదో పుండు. “జీతాలయ్యాక చూపిద్దాంలే” అని ఊరుకున్నాను. పాప పోయి ఆ చెవే పట్టుకొన్నది. గుర్రు వినబడలేదు. బిడ్డ కేక ఒక్కటే వినబడింది. కంటికి రెండంగుళాల కింద, బుగ్గమీద రెండు గాట్లు.

అమ్మ పసుపు డబ్బా పట్టుకొని పరుగెత్తుకు వచ్చింది. పక్క క్వార్టరులో ఒడియా ఆవిడ ఉన్నది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరయింది. మేమంతా మావుసీ అని పిలుస్తాము. ఆమె అమ్మ చెయ్యి పట్టుకొని ఆపి, బిడ్డను కుళాయి దగ్గరకు తీసుకుపోయి, సబ్బూ, ధారగా నీళ్ళూ పెట్టి, గోడ గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కడిగించింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ఆపనివ్వలేదు. తరువాత ఆసుపత్రికి పోయాము. డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న: “కుక్కకు టీకా ఎప్పుడు వేయించారు?” ఇంటికి వచ్చి దాని కార్డు తీసి చూస్తే చివరి తేదీ 2021. పెళ్ళి హడావుడిలో మరచిపోయాను. తరువాత రెండేండ్లు గుర్తే రాలేదు.

బిడ్డకు తొడలో టీకా వేశారు. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. కుక్కను కట్టివేసి పదిరోజులు కనిపెట్టి ఉండమన్నారు. రేబిస్ ఉన్న కుక్క కరిచిన తరువాత పదిరోజులలో జబ్బుపడడమో, చావడమో జరుగుతుంది. ఆ పదిరోజులూ బాగున్నట్లయితే, కరిచిననాడు దాని చొంగలో ఆ విషం లేదని అర్థం. ఆ పదిరోజులూ తెల్లవారగానే నేను వసారాలోకి పోయి జిమ్మీ నీళ్ళు తాగిందా, అన్నం ముట్టిందా అని చూచేవాణ్ణి. చంపివేయాలన్నంత కోపం తెప్పించిన కుక్క అన్నం తినాలని దేవుడికి దణ్ణం పెట్టుకొన్నాను. పదోనాడు గిన్నె ఖాళీ చేసి తోక ఊపింది. నేను మెట్టుమీద కూలబడి ఏడ్చాను.

పశువైద్యుడికి చూపిస్తే చెవి లోపలంతా చీము పట్టినదన్నారు. “ముందు ఎప్పుడైనా గుర్రుమన్నదా?” అని అడిగారు. అన్నదనీ, కొట్టాననీ చెప్పాను. “మరి అది నోటితో చెప్పగలిగినది అంతేనయ్యా” అన్నారు.

సోదరులారా, మనం రైలువాళ్ళం. సిగ్నలు ఎర్రగా ఉన్నదని కోపం వచ్చి ఎవడైనా దీపం పగలగొడతాడా? నేను చేసినది అదే. గుర్రుమనడం కుక్క పొగరు కాదు. “నాకు బాగులేదు, ఈ బిడ్డను తీసివేయండి” అని మనకు పెడుతున్న మొర. అప్పుడు చేయవలసినది బిడ్డను ఎత్తుకోవడం, కుక్కను వేరేచోటికి పంపడం, అది ఎందుకు గుర్రుమన్నదో ఆలోచించడం. దానికంటె ముందు చిన్న గుర్తులు ఉంటాయి: ముఖం తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, మూతి నాకుకోవడం, తోక కాళ్ళసందున ముడవడం, కంటి తెలుపు కనబడేట్టు ఓరగా చూడడం, కదలకుండా బిగుసుకుపోవడం. తోక ఊపినంత మాత్రాన సంతోషంగా ఉన్నదనుకోరాదు; ఒళ్ళు బిగించి ఊపినట్లయితే అది సంతోషం కాదు.

ఇక నేను నేర్చుకొన్న నియమాలు మనవి చేస్తాను.

మొదటిది. అయిదారేండ్లలోపు పిల్లనూ కుక్కనూ ఒంటరిగా ఒకచోట వదలరాదు. పాలు పొంగుతున్నాయనీ, తలుపు కొట్టారనీ అర నిమిషం కూడా వదలరాదు. లేవవలసి వస్తే బిడ్డనైనా చంకన వేసుకోవలెను, కుక్కనైనా అవతల ఉంచి తలుపు వేయవలెను. పదిమంది ఉన్న ఇంట్లో “ఎవరో చూస్తున్నారు” అన్న నమ్మకం మరీ ప్రమాదం. మనం డ్యూటీ దిగేటప్పుడు చార్జి అప్పగిస్తాము కదా! మా ఇంట్లో ఇప్పుడు “పాపను నీకు అప్పగించాను” అంటే అవతలివారు “తీసుకున్నాను” అనవలెను. ఆ మాట వినబడేదాకా మొదటివారిదే బాధ్యత.

రెండవది. కోడలు పుట్టింట ఉన్న ఆ నెలలను వృథా చేయకూడదు. కుక్క పడుకొనే చోటు మార్చదలిస్తే బిడ్డ రాకముందే మార్చవలెను. పిలిస్తే రావడం, చెప్పినచోట చాపమీద కూర్చోవడం, మంచం ఎక్కకపోవడం అప్పుడే నేర్పవలెను. బిడ్డ కట్టి విడిచిన గుడ్డ ఒకటి ముందుగా తెప్పించి వాసన చూపవలెను. వచ్చేరోజు కుక్కను కాస్త దూరం తిప్పి తెచ్చి, బిడ్డ ఇంకొకరి చేతిలో ఉండగా తల్లి ముందు లోపలికి వచ్చి దాన్ని పలకరించవలెను. తరువాత గొలుసు పట్టుకొని దూరంనుంచే బిడ్డను చూపవలెను. బిడ్డ దగ్గర ఉన్నప్పుడు కుక్కను తిట్టడం, గెంటడం చేయక, మెల్లగా ఉన్నందుకు ఒక బిస్కెట్టు ముక్క పెట్టండి. బిడ్డ వస్తే తనకూ మేలే అని దానికి తెలియవలెను.

మూడవది. ఉయ్యాలలోని బిడ్డకంటె పాకే బిడ్డకు ప్రమాదం ఎక్కువ. పాకే బిడ్డ ముఖమూ కుక్క నోరూ ఒకే ఎత్తున ఉంటాయి. అందుకే చిన్నపిల్లలకు కాట్లు ఎక్కువగా తలకూ, ముఖానికీ, మెడకూ తగులుతాయి. గదికీ వసారాకూ నడుమ నడుమెత్తు అరతలుపు ఒకటి పెట్టించండి. వడ్రంగికి ఒక పూట పని. కుక్కకు బిడ్డ పోలేని మూల ఒకటి ఉండవలెను. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలను పెట్టిన కుక్క, గొలుసుతో కట్టివేసిన కుక్క, జబ్బుగా ఉన్న కుక్క – ఈ అయిదింటి దగ్గరకు పిల్లలను పోనీయరాదు. కుక్కమీద పిల్లను కూర్చోబెట్టి ఫొటో తీయడం, మెడ కౌగిలించుకోమనడం మానండి. కౌగిలి మనకు ముద్దు. కుక్కకు అది మెడ పట్టుకోవడమే.

నాలుగవది. కాస్త ఊహ తెలిసిన పిల్లలకు, కొత్త కుక్క మీదికి వస్తే పరుగెత్తవద్దనీ, చెట్టులాగ చేతులు కిందికి వేలాడవేసి నేల చూస్తూ నిలబడమనీ, పడిపోతే ముడుచుకొని చెవులూ మెడా చేతులతో కప్పుకోమనీ ఆటలాగ నేర్పండి. కుక్కను ముట్టిన చేతులు కడుక్కొని అన్నానికి కూర్చోవడమూ నేర్పండి. పురుగులమందు వేయించని కుక్కనుంచి ఏలికపాములు పిల్లలకు సోకగలవు.

అయిదవది. కుక్కకు మూడునెలలు నిండగానే రేబిస్ టీకా, తరువాత ఏటేటా టీకా. ఆ తేదీ క్యాలెండరుమీద వ్రాసిపెట్టుకోండి.

ఎంత జాగ్రత్తపడినా కరిచినట్లయితే, వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టకండి, కట్టు బిగించకండి, మంత్రం వేయిస్తూ ఆలస్యం చేయకండి. అదేరోజు ఆసుపత్రికి పోండి. గీరి రక్తం వచ్చినా, గాయంమీద నాకినా పోవలసినదే. మన ఇంటి కుక్కే కదా, పిల్లకుక్కే కదా అనుకోవద్దు. కండకు వేసే టీకా మొదటి రోజు, తరువాత 3, 7, 14, 28 రోజులకు. చర్మంలో వేసేది మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు. చర్మం తెగి రక్తం వచ్చినట్లయితే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. కుక్క బాగున్నదని డాక్టరు చెప్పకుండా మనంతట మనం మానరాదు. బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులని భయపడే పెద్దలున్నారు. ఆ పాత మందును మన దేశంలో మానివేసి దాదాపు ఇరవయ్యేండ్లయింది.

రేబిస్ లక్షణాలు కనబడ్డాక బ్రతికినవారు దాదాపు లేరు. కనబడకముందు సకాలంలో టీకా పడితే రాకుండా ఆపవచ్చును. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ఈ టీకాను మొట్టమొదట వేయించినది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల పిల్లవాడికి. వాడు బ్రతికాడు. ఇన్నేండ్ల తరువాత కూడా, రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మందు ఉండికూడా పిల్లలు పోతే అది పెద్దల తప్పే.

జిమ్మీ ఏమైనదని మీరు అడుగవచ్చును. “గూడ్సు బండిలో వేసి పంపించెయ్యి” అన్నారు కొందరు. ఊరికే వదిలితే ఇంకొకరి బిడ్డను కరవదా? చెవి నయం చేయించి, టీకా వేయించి, టెక్కలి దగ్గర మా మేనమామగారి ఇంటికి తీసుకుపోయాను. అక్కడ దంపతులిద్దరే, చిన్నపిల్లలు లేరు. కరిచిన సంగతి దాచకుండా చెప్పి, మనుమలు వచ్చినప్పుడు వేరే గదిలో ఉంచుతామని మాట తీసుకొని అప్పగించాను. ఆరేండ్లు నా గుమ్మం కాసిన జంతువు. తిరుగుప్రయాణంలో రైలు ఎక్కేదాకా వెనక్కి చూడలేకపోయాను.

మా పాప ఇదిగో, ముందు వరుసలో వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చున్నది. బుగ్గమీద చిన్న మచ్చ మిగిలింది. చూచినవాళ్ళు “కుక్క చేసిందా?” అని అడుగుతారు. “కాదండీ, మా అజాగ్రత్త చేసింది” అని చెబుతాను.

ఈ ఉగాది పచ్చడిలో చేదును మొదట నాలుకకు తగిలించుకొన్నవాణ్ణి నేను. ఆ చేదు మీ ఇళ్ళకు రాకుండా ఉండుగాక. ఈ రాత్రి ఇంటికి పోగానే కుక్క టీకా కార్డు ఒక్కసారి తీసి తేదీ చూడండి. నాకు ఇచ్చిన సమయానికి అదే ప్రతిఫలం.