యంత్రమునకు మెదడు మార్చినప్పుడు



కొత్త యెడ్లజత ఇంటికి వచ్చినప్పటి సంగతి పల్నాటి కాపులకు నేను చెప్ప నక్కరలేదు. బేరము కుదిరినంత మాత్రమున మరునాడే అరక సాగదు. ఏది దాపట నడచునో, ఏది వెలపట నడచునో, అదలింపు తెలిసినదో లేదో పాలేరు కనిపెట్టవలెను. కంప్యూటరులో లెక్కచేయు భాగమును ప్రాసెసరందురు, అది యెద్దు. దానిచేత పని చేయించు మూలక్రమమును ఆపరేటింగు సిస్టమందురు, అది పాలేరు. ఎద్దును మార్చిననాడు పాలేరు ఏమి చేయునన్నదే నేటి ప్రసంగము.

ఈ గొడవ మనకేల యందురేమో. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్ల కెక్కింప నిశ్చయించినది. ఋణముల పద్దు ఎక్కడో దూరముననున్న పెద్ద యంత్రములందు భద్రముగ నుండవచ్చును గాని, గుమాస్తా వ్రాసికొన్న జాబులు, తీర్మానములు, జాబితాలు ఎదుటనున్న పెట్టెలోనే యుండును. ఆ పెట్టె మందగించి, "ప్రాసెసరు మార్పింతమండీ" అని అతడు వచ్చిననాడు మీరేమి అడుగవలెను?

మొదట, కొత్తది పాత కాడికి పట్టునా యని. ప్రాసెసరు కూర్చుండు గూడు ఒక్కొక్క తరమున కొక్కొక తీరుగ నుండును. గూడు సరిపోయినను, పెట్టెను మేల్కొలుపు బయాసను చిన్న క్రమమునకు ఆ కొత్త ప్రాసెసరు పేరు తెలిసి యుండవలెను. తెలియనిచో పాతదానిని తీయకముందే బయాసును సవరించుకొనవలెను; తీసిన పిమ్మట చాలమందికి చేయి సాగదు.

ఆ మీద పాలేరు వంతు. 1993లో ఇంటెల్ సంస్థ పెంటియముతోబాటు ప్రచారమునకు తెచ్చిన ఆజ్ఞ యొకటి కలదు. దాని తాత్పర్యము, "నీవెవరవు? నీకేయే పనులు వచ్చును?" అని. లినక్సు మేల్కొనిన ప్రతిసారియు ఈ ప్రశ్న వేసి, వచ్చిన జవాబునుబట్టి నడచుకొనును. విండోసు పూర్వ మట్లు కాదు. స్థాపించిననాడు చూచిన యంత్రమునకు తగిన భాగమునే దగ్గర నుంచుకొనెడిది. ఒంటెద్దు నలవరచుకొన్నవాడు జోడెడ్లను తోలలేనట్లు, ఒక్క ప్రాసెసరునకు ఏర్పడిన విండోసు రెండింటిని కలిపి వాడుకొనలేకపోయెడిది. 2007లో జనులకందిన విస్టానుండి అదియు ప్రతిసారి అడుగ నేర్చినది.

ఎద్దు మరీ చుఱుకైనను చిక్కే. 1998లో ఏఎమ్‌డీవారి కె6-2 అను ప్రాసెసరు 350 మెగాహెర్ట్జుల వేగముతో వచ్చినప్పుడు విండోసు 95 కొన్ని యంత్రములలో లేవనే లేదు. అందొక భాగము, ప్రాసెసరు వేగము తెలియుటకై, ఒక చిన్నపనిని లక్షలసార్లు చేయించి, పట్టిన కాలముచేత భాగించెడిది. కొత్త ప్రాసెసరు దానిని రెప్పపాటులో ముగించుటచే కాలము సున్నయని తేలెను. సున్నచేత భాగించుట ఎవరితరము? తప్పు ఎద్దుది కాదు, అంత వేగము రానేరదని తలచి లెక్క కట్టినవానిది.

నేటి చిక్కు వేరు. 2021లో వచ్చిన విండోసు 11, ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించు ఎనిమిదవ తరమునకు ముందటి వానిని అంగీకరింపదు. విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. చక్కగ పనిచేయు పెట్టెను పాతదని త్రోసివేయుట నాకు రుచింపదు. ఆ సంస్థకు 2014లో అధిపతి యైనవారు హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్లగారే యైనను ఈ మాట అనక తప్పదు. అట్టి పెట్టెలకు లినక్సు దారి యున్నది. హైదరాబాదు స్వేచ్ఛవారు దానిని తెలుగునకు తెచ్చినారు.

ఇక అన్నిటికన్న భయమైనది చెప్పెదను. విండోసులో బిట్‌లాకరను తాళ మొకటి కలదు. అది పెట్టెలోని వ్రాతల నన్నిటిని పరులకు చదువరాని గుర్తులుగ మార్చివేయును. తాళపుచెవిని టీపీఎమ్ అను భాగము కాపాడును. కొన్ని యంత్రములలో, ముఖ్యముగ ఏఎమ్‌డీవానిలో, ఆ భాగము ప్రాసెసరుతో ముడిపడి యుండును. ప్రాసెసరును మార్చినచో తాళపుచెవి దానివెంటనే పోయినట్లు. పెట్టె తెరవగానే, టీపీఎమ్‌ను మరల మొదలుపెట్టుదునా యని తెర అడుగును. తెలియక ఔనన్నచో, తరువాత 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య నడుగును. అది లేనిచో ఆ వ్రాతలు ఎవరికిని దక్కవు. బాగుచేయు నేర్పరికైనను సాధ్యము కాదు.

కావున మరలు విప్పకముందే గుమాస్తాను మూడు మాటలడుగుడు. వ్రాతల ప్రతి వేరొకచోట నున్నదా? తాళము వేసియున్నచో దానిని తాత్కాలికముగ నిలిపినావా? ఆ 48 అంకెలు ఎవరి ఖాతాలో నున్నవి? పెట్టెను మొదట తెరచినవాని స్వంత మైక్రోసాఫ్టు ఖాతాలో అవి చేరియుండుట కలదు. ఆతడు బదిలీయై మాచెర్లకో గురజాలకో పోయియున్నచో, ముందు కబురు పంపి అంకెలు తెప్పించి, సంఘపు దస్త్రములో వ్రాయించి, ఇనుపపెట్టెలో నుంచుడు. ప్రాసెసరు ఆ తరువాత కొనవచ్చును.