గ్రామ దస్త్రమునకు రెండవ ప్రతి
(వరంగల్లులో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతి యందు చేసిన ప్రసంగ పాఠము)



మీలో పలువురు హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని చూచియుందురు. కాకతీయ రుద్రదేవుడు 1163లో అచ్చట వేయించిన శాసనము నేటికిని నిలిచియున్నది. మన గ్రామముల లెక్క మాత్రము నేడు రాతిమీద లేదు. కొంత కాగితము మీదను, కొంత కంప్యూటరులోను ఉన్నది. ఇంటిపన్ను వివరములు, పింఛనుదారుల జాబితా, తీర్మానముల ప్రతులు, చేసిన పనుల ఛాయాచిత్రములు, ఇవన్నియు ఒక చిన్న డిస్కులో ఇమిడియున్నవి. కొన్నిచోట్ల అది కార్యదర్శి సొంత ల్యాప్‌టాప్ కూడ కావచ్చును. యంత్రము చెడిపోయిన మరల కొనవచ్చును. అందలి లెక్క పోయినచో ఏ అంగడిలో కొనగలము?

2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. అందులో ఎక్కించిన లెక్కలు ప్రభుత్వ సర్వరులో ఉండునుగదా అని కొందరనవచ్చును. నిజమే. కాని ఎక్కింపక ముందటి చిత్తు లెక్కలు, అర్జీలు, ఉత్తరములు, స్కాను చేసిన పత్రములు ఆఫీసు కంప్యూటరులోనే యుండును. వాటిని కాపాడవలసిన వారము మనమే.

ఆపదలు మూడు విధములుగా వచ్చును. మొదటిది నీరు, నిప్పు, పిడుగు, యంత్రము చెడుట. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి, భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామము నీట మునిగిన సంగతి మీరెరుగుదురు. ప్రజలు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. అట్టి వేళ కంప్యూటరును, దాని నకలును ఒకే బీరువాలో ఉంచినచో రెండును కలిసియే మునుగును.

రెండవది దొంగతనము. పాస్‌వర్డు పెట్టితిమి గనుక భయము లేదని తలపవలదు. దొంగ డిస్కును ఊడదీసి మరొక యంత్రమునకు తగిలించినచో పాస్‌వర్డు అడ్డురాదు. డిస్కులోని వ్రాత నంతటిని రహస్య లిపిలోనికి మార్చు ఏర్పాటు కలదు. విండోస్ కంప్యూటర్లలో దానిని బిట్‌లాకర్ అందురు. అది ఉన్నదో లేదో తెలిసినవారిచే చూపించుడు. దాని తాళపు సంఖ్యను కాగితముపై వ్రాసి, కంప్యూటరునకు దూరముగా భద్రపరచుడు. ఆ సంఖ్య పోయినచో మన లెక్క మనకే అందదు.

మూడవది క్రొత్త తరహా బందిపోటుతనము. దూరమున కూర్చున్న దుండగులు మన దస్త్రములకు తాళము వేసి, సొమ్మిచ్చిననే తీయుదుమందురు. దీనిని ర్యాన్సమ్‌వేర్ అందురు. 2017 మే 12న ఇట్టి దాడి ఒకటి నూట యేబది దేశములకు ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. ఆ లోపమును సరిదిద్దు మార్పును తయారీదారు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసెను. దానిని చేర్చుకొనిన యంత్రములకు ఆ దాడి సోకలేదు. 2019లో మన హనుమకొండ కేంద్రముగా గల ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కూడ ఇట్టి దాడికి గురియయ్యెను. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో కంప్యూటర్లు స్తంభించి, కొన్నాళ్ళు చేతివ్రాతతోనే రోగులకు సేవ చేయవలసి వచ్చెను. దాడికి గురికాని నకలు మిగిలియుండుటచేతనే రోగుల దస్త్రములు తిరిగి దక్కినవి.

కావున ముఖ్యమైన రక్ష నకలే. ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులు ఉండవలెను. కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, వేరొక ఊరిలోనో మండల కార్యాలయములోనో మూడవది. నకలు తీసిన వెంటనే డిస్కును ఊడదీయుడు. తగిలించియే ఉంచినచో దుండగుని తాళము దానికిని పడును. నెలకొకమారు ఆ నకలును మరొక యంత్రముపై తెరచి చూడుడు. తెరచి చూడని నకలు, పరీక్షింపని విత్తనము వంటిది.

ఇక నిత్య జాగ్రత్తలు కొన్ని కలవు. కంప్యూటరు అడుగు మార్పులను వాయిదా వేయక చేర్చుకొనుడు. విండోస్ 10కి ఉచిత సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను దానినే వాడుచున్నచో మార్చుకొను ఏర్పాటు చేయుడు. ఎవరిదో తెలియని పెన్ డ్రైవ్ తగిలింపవలదు. మరమ్మతునకు ఇచ్చునపుడు దస్త్రములను ముందే తీసి దాచుడు. కేవలము చెరిపివేసిన దస్త్రమును నేర్పరులు తిరిగి పైకి తీయగలరు. డిజిటల్ సంతకపు టోకెన్‌ను, దాని రహస్య సంఖ్యను ఇతరుల చేతికిచ్చుట, ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చుటతో సమానము. సొమ్ము మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయుడు.

"మాకు కంప్యూటరు రాదు, అది కార్యదర్శి పని" అని సభ్యులు అనుకొనరాదు. పూర్వము చదువురాని పెద్దలు సైతము ఊరి పెట్టె తాళము ఎవరివద్ద ఉన్నదో అడిగి తెలిసికొనుచుండిరి. మీరును అట్లే అడుగుడు. ప్రతి పంచాయతీ సమావేశమునందు రెండు ప్రశ్నలు వేయుడు: "నకలు తీసితిరా? తెరచి చూచితిరా?" జవాబును మినిట్సు పుస్తకములో వ్రాయించుడు. ఇందులకు ఖర్చు ఒక డిస్కు వెల మాత్రమే.

ఆ జాబితాలోని పేరు మనకొక వరుస సంఖ్య. పింఛనుకై ఎదురుచూచు వృద్ధురాలికి అదియే నెలవారీ బియ్యము, మందులు. ఆమె ఆధార్ సంఖ్యయు, బ్యాంకు ఖాతాయు మనలను నమ్మి ఇచ్చినవి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము పుట్టుటకు కారణము కూడ ఇట్టి నమ్మకమును కాపాడుటయే. మీ ఊరికి తిరిగి వెళ్ళిన మరునాడే ఆ రెండవ ప్రతిని తీయించుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.