ఫ్రిజ్‌లో పెడితే చాలా?

 

ఈ రోజు ఫ్రిజ్ గురించి మాట్లాడుకుందాం. ఒకప్పుడు అది ఉన్నవాళ్ళ ఇంటి సామాను. ఇప్పుడు మన వీధుల్లోనూ చాలా ఇళ్ళల్లో ఉంది. మంచిదే. కానీ “ఫ్రిజ్‌లో పెట్టాంగా, ఇంక పాడవదు” అనుకుంటాం. అది నిజమేనా?

కాదు. తిండిని పాడుచేసేవి కంటికి కనిపించని క్రిములు. బాగా ఉడికిస్తే చాలావరకు చస్తాయి. చల్లదనానికి చావవు. నెమ్మదిస్తాయి, అంతే. ఇడ్లీ పిండినే చూడండి. ఫ్రిజ్‌లో పెట్టినా రోజురోజుకూ పులుస్తూనే ఉంటుంది కదా! చెడ్డ క్రిములూ అలాగే పెరుగుతాయి.

మరి ఏం చెయ్యాలి?

వండిన అన్నం, పప్పు, కూర 2 గంటలకు మించి బయట ఉంచొద్దు. మండు వేసవిలో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొగలు కక్కే పెద్ద గిన్నె అలాగే పెట్టొద్దు. వెడల్పు గిన్నెల్లోకి కొంచెం కొంచెం తీస్తే తొందరగా చల్లారుతుంది. మూత తప్పకుండా పెట్టాలి.

పచ్చి మాంసం, చేపలు మూత ఉన్న డబ్బాలో, కింది అరలో పెట్టాలి. వాటి నీళ్ళు కారి వండినవాటి మీద పడకూడదు.

ఫ్రిజ్ లోపల వేడి 5 డిగ్రీలు దాటకూడదు. గిన్నెలు కిక్కిరిసి పెడితే చల్లగాలి ఆడదు.

కరెంటు పోతే తలుపు తియ్యొద్దు. మూసి ఉంచితే సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. అంతకు మించి పోతే పాలు, మాంసం, వండినవి వాడొద్దు.

మిగిలిన కూర మరునాడే తినెయ్యాలి. కావలసినంతే తీసి, పొగలు వచ్చేలా వేడిచెయ్యాలి.

“వాసన రాలేదు, బాగానే ఉంది” అంటారు కొందరు. రోగం తెచ్చే క్రిములన్నీ వాసన తేవు. అన్నం ఎక్కువసేపు బయట ఉంటే ఒక రకం క్రిమి అందులో విషం వదులుతుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు.

ఇంకో మాట. ఇంట్లో అందరికీ వేడివేడిగా వడ్డిస్తాం. మూడు రోజుల కూర పారెయ్యడానికి మనకు చెయ్యి రాదు. మనమే తినేస్తాం. కష్టపడి తెచ్చుకున్న తిండి, బాధే మరి! కానీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కూలి పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది. గర్భిణికైతే కడుపులో బిడ్డకూ ప్రమాదమే. మన కడుపు చెత్తకుండీ కాదమ్మా! పారెయ్యడం ఇష్టం లేకపోతే వండేటప్పుడే కొలత తగ్గిద్దాం. ఫ్రిజ్ లేనివాళ్ళు ఏ పూటకు ఆ పూటే వండుకోవడం మేలు.

ఇప్పుడు మీకు చదువు వచ్చు. పాల ప్యాకెట్ మీద తేదీ చదవండి. చిన్న కాగితం మీద “పప్పు, సోమవారం” అని రాసి డబ్బాకు అంటించండి. ఎన్నాళ్ళదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

రేపు వచ్చేటప్పుడు మీ ఫ్రిజ్‌లో ఏమేమి ఉన్నాయో, ఏ రోజు పెట్టారో పలక మీద రాసుకు రండి. కలిసి చదువుదాం.