అప్పు ఆమె పేరున, భూమి ఆయన పేరున

(మైదుకూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేదరికం, వర్గం, అసమానతల గురించి సమాజశాస్త్రం ఏమంటుందో చెప్పమని అడిగారు. పుస్తకాల్లో ఉన్నదంతా అప్పజెబితే గంటలో అయిపోతుంది, మీకు పనికొచ్చేది మాత్రం ఏమీ మిగలదు. అందుకని మీరు పల్లెల్లో రోజూ చూసే మూడు కాగితాల గురించి మాట్లాడతాను. సంఘం అప్పు పుస్తకం, నగలు కుదువ పెట్టిన చీటీ, పట్టాదారు పాసుపుస్తకం. ఏ కాగితం మీద ఎవరి పేరుంది అన్నదే నా ప్రశ్న.

ముందు ఒక చిక్కు సంగతి. మన ప్రభుత్వాలు పేదరికాన్ని కుటుంబాల లెక్కన కొలుస్తాయి. ఇంటి మొత్తం ఖర్చును తలలతో భాగిస్తే వచ్చిన అంకె దారిద్ర్యరేఖకు పైనుందా కిందుందా అని చూస్తాయి. అంటే ఇంట్లో ఉన్నది అందరూ సమంగా పంచుకుంటారని ముందే అనుకోవడం. కడపటి ముద్ద ఎవరు తింటారో, ఆ ముద్ద మిగలని రోజు ఎవరు నీళ్ళు తాగి పడుకుంటారో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

సమాజశాస్త్రం కూడా ఇందుకు తక్కువ తినలేదు. భర్త వృత్తి ఏదో చూసి భార్య వర్గాన్ని నిర్ణయించడం చాలా కాలం మా శాస్త్రానికి ఆనవాయితీ. 1973లో జోన్ ఆకర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త దీన్ని గట్టిగా ప్రశ్నించింది. పదేళ్ళ తర్వాత, 1983లో, బ్రిటన్‌లో గోల్డ్‌థార్ప్ పాత పద్ధతే సరైనదని వాదించాడు. స్త్రీవాదులు అతనికి జవాబులు రాశారు. ఆ చర్చ ఇక్కడికి ఎందుకు తెచ్చానంటే, పదెకరాల ఆసామి భార్యను మనమూ 'రైతు కుటుంబం' అనే అంటాం. భర్త వదిలేసిన మర్నాడు ఆమె ఎవరు? కలుపు కూలీ. ఒక్క రాత్రిలో మారిపోయే వర్గం ఆమెది ఎలా అవుతుంది? అది ఆమెకు పెళ్ళి ద్వారా ఎరువిచ్చిన వర్గం.

ఈ ఎరువు వెనుక చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైత్వారీ పద్ధతికి పునాదులు వేశాడు. జమీందారు లేకుండా సర్కారుకూ రైతుకూ నేరుగా సంబంధం. మంచిదే. కానీ ఆ పద్ధతిలో రైతు అంటే పట్టాలో పేరున్నవాడు, దాదాపు ఎప్పుడూ మగవాడు. దుక్కి ఒకరిది, విత్తు ఒకరిది, కలుపు ఒకరిది, శిస్తు మాత్రం ఒక్క పేరున. చెనక్కాయలు ఒలిచే చేతులు, వరి నాటే నడుములు, పసుపు కొమ్ములు విరిచి ఏరే వేళ్ళు ఆ లెక్కల్లో 'ఇంటి సాయం' అయ్యాయి. ఈనాటికీ అంతే. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి నూటికి 14 మాత్రమే. మన రాష్ట్రంలో అంతకంటే ఎక్కువే కనిపిస్తాయి, కానీ పాసుపుస్తకంలో పేరుండటం వేరు, దాన్ని బీరువాలోంచి తీసి బ్యాంకుకు తీసుకెళ్ళగలగడం వేరు.

చట్టం రాలేదా అంటే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి సవరించుకుంది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. అయితే మన చట్టం అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను వదిలేసింది. మిగిలినవాళ్ళు అడిగితే 'నీకు బంగారం పెట్టాం కదమ్మా' అన్నారు అన్నలు. ఇక్కడే మనం రెండో కాగితానికి వస్తాం.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ పేరు రాయలసీమ అంతా తెలుసు. మగపిల్లలకు భూమి, ఆడపిల్లలకు బంగారం అనే పంపకం చూడటానికి సమానంగానే ఉంటుంది. కానీ భూమి మీద పంట వస్తుంది, అప్పు పుడుతుంది, ఊళ్ళో మాట చెల్లుతుంది. కమ్మలు, గాజులు ఏం చేస్తాయి? కుదువకు పోతాయి. పులివెందుల వైపు చీనీ తోటలున్న ఊళ్ళలో తిరిగినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న 'బోరు ఎన్నిసార్లు వేశారు?' రెండోది 'దేనితో వేశారు?' జవాబు చెప్పకుండా ఆడవాళ్ళు బోసి చెవులు చూపించేవాళ్ళు. బోరులో నీళ్ళు పడితే తోట ఆయనది. పడకపోతే పోయిన బంగారం ఆమెది. స్త్రీధనం అని చట్టం పిలిచేది ఆచరణలో మగవాడి సేద్యానికి పెట్టుబడి, అదీ వడ్డీ లేకుండా.

సంఘాల అప్పు సంగతి మీకే బాగా తెలుసు. డ్వాక్రా వచ్చాక బ్యాంకు మెట్లు ఎక్కామని, సంతకం నేర్చామని, నలుగురిలో మాట్లాడామని మనం గర్వపడ్డాం. దాన్ని తక్కువ చేయను. కానీ ఆ డబ్బులో ఎంత ఎరువుల అంగడికి, గుత్త డబ్బుకు పోయిందో కూడా మనకు తెలుసు. వాయిదా కట్టమని వచ్చేది ఆమె గడప దగ్గరికే. పంట నష్టపరిహారం పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాకు. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడికి తాళలేక ఆత్మహత్యలు జరిగి, ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు ఈ నిజం రాష్ట్రమంతా బయటపడింది. 2014 పంట రుణాల మాఫీకి కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టారు. మళ్ళీ కుటుంబమే లెక్క. ప్రైవేటు కుదువ అంగట్లో ఉన్న నగలకు ఏ మాఫీ లేదు.

రైతు ఆత్మహత్యల విషయంలో ఇది ఇంకా దారుణం. 2004లో వచ్చిన 421 నంబరు జీవో లక్షన్నర ప్యాకేజీ ప్రకటించింది. 2015లో అది ఐదు లక్షలు, 2019లో ఏడు లక్షలయింది. చనిపోయినవాడు రైతేనని, అప్పు సేద్యానికేనని త్రిసభ్య కమిటీ ముందు రుజువు చేసుకోవలసింది ఆ భార్య. మైదుకూరు కె.సి. కాలువ కింద గుత్తకు చేసేవాళ్ళ ఒప్పందం నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఎక్కడిది? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం అడిగింది. భూమి పోతుందేమోనని భయపడే ఆసామి సంతకం పెడతాడా? ఇక సేద్యం చేసే ఆడమనిషే పురుగుల మందు తాగితే కాగితాల్లో రాసేది 'కడుపునొప్పి' లేదా 'సంసారంలో గొడవ'.

ఇదంతా విని స్త్రీలందరిదీ ఒకే కష్టం అనుకుంటే పొరపాటు. పొలానికి పోకుండా ఇంటిపట్టున ఉండటం రెడ్డిగారి కోడలికి పరువు. ఆ పరువు నిలవాలంటే మాదిగ ఇంటి కోడలు తెల్లవారుజామున ఆ పొలంలో దిగాలి. పాసుపుస్తకంలో ఇద్దరి పేర్లూ లేకపోవచ్చు. కానీ ఒకామెకు పెట్టె నిండా చీరలున్నాయి, కూలి తగ్గించే నోరు కూడా ఉంది. ఇంకొకామె కుటుంబానికి డి-పట్టా కింద ఇచ్చిన ఎకరమూ కొన్నిచోట్ల పెద్దరైతు సాగులోనే ఉంది. వర్గమూ కులమూ పితృస్వామ్యమూ ఒకదాని మీద ఒకటి పేర్చిన మూటలు కావు, కలిపి నేసిన గుడ్డ. మన సంఘాల్లో లీడర్లు ఎవరవుతున్నారో, చాప మీద ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసినా ఇది తెలుస్తుంది.

కుటుంబం అనే ముద్దను విడదీయడం అసాధ్యమేమీ కాదు. 2013 భూసేకరణ చట్టం వితంతువును, విడాకులు పొందినామెను, కుటుంబం వదిలేసినామెను వేరే కుటుంబంగా పరిగణించాలని చెప్పింది. 2020లో గండికోట జలాశయం నీళ్ళు తాళ్ళప్రొద్దుటూరును ముంచినప్పుడు పరిహారం జాబితాల దగ్గర మన వాళ్ళు పట్టుకోవలసిన మాట అదే. జమ్మలమడుగు, మోరగుడిల్లో మగ్గాల దగ్గరా ఇదే కథ. 2019లో మొదలైన నేతన్న నేస్తం ఏటా 24 వేలు ఇచ్చింది, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. కండెలు చుట్టేవాళ్ళ పేరు ఆ జాబితాలో రాదు.

కనుక ఒక పని అడుగుతున్నాను. వచ్చే నెల సంఘం సమావేశంలో అప్పు తీర్మానం రాసేటప్పుడు పక్కనే రెండు గళ్ళు గీయండి. ఈ డబ్బు దేనికి పోతోంది, ఆ పొలం ఎవరి పేరున ఉంది. సేద్యానికైతే పాసుపుస్తకంలో ఆమె పేరు కూడా చేర్చమని దరఖాస్తు అక్కడే రాయించండి. గుత్త అయితే గుత్త చీటీలో ఆమె పేరు రాయించండి. ఇళ్ళల్లో గొడవలు వస్తాయి. ఏ ఇంట్లో ఏమన్నారో కూడా రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మైదుకూరులోనే మళ్ళీ కూర్చుని ఆ పుస్తకాలు చదువుదాం.