కొయ్య ప్రక్కల అమెరికను కారు



పండుగనాడు తెలుగువారు నలుగురు కూడినచోట పద్యమును గూర్చియో, నాటకమును గూర్చియో, కూచిపూడి నృత్యమును గూర్చియో ప్రసంగించుట వాడుక. మోటారు కారును గూర్చి ప్రసంగమేమి యని కొందరికి తోచవచ్చును. కాని వసంత్ కుంజ్ వంటి పేటలో కాపురముండు ఉద్యోగి కుటుంబమునకు ఇల్లు కొనుట తరువాత కారు కొనుటయే పెద్ద వ్యవహారము. పాత కారు కొనుట మరింత చిక్కు వ్యవహారము. ఇక ఆ పాత కారు అమెరికా దేశపుదై, పైకప్పును మడిచి వెనుకకు త్రోయదగినదై, ప్రక్కలకు కొయ్య పలకలు గలదై యున్నచో, దానిని చుట్టుకొన్న చరిత్రయు, చట్టమును, వడ్రంగమును ఒక సాయంకాలమునకు చాలినంత కలవు.

“అరుదైన పాతకాలపు అమెరికను కన్వర్టిబులు, ప్రక్కలకు కొయ్య, అమ్మకమునకు సిద్ధము” అని యొక ప్రకటన ఈ పేటలో ఒక గృహస్థుని కంటబడినదనుకొందము. కారు అరుదైనదా కాదా యన్నది అతనికి ముఖ్యము కాదు. అతడు పరీక్షింపవలసినవి రెండు మాటలు. “పాతకాలపు” అన్నది ఒకటి, “కొయ్య” అన్నది రెండవది. ఈ రెండింటి అర్థము తేల్చుకొనక బయానా ఇచ్చినచో ఇంటిముందు కదలని శిల్పమొకటి మిగులును.

కొయ్య సంగతి ముందు చూతము. మోటారు కార్లు పుట్టిన క్రొత్తలో గుర్రపు బండ్లు కట్టిన వడ్రంగులే వాటి పెట్టెలను కట్టిరి. అమెరికాలో రైలు స్టేషనునుండి ప్రయాణికులను, వారి పెట్టెబేడలను హోటళ్లకు చేరవేయు బండ్లకు స్టేషన్ వాగను అను పేరు వచ్చినది. ఇనుప రేకును అచ్చుపోయుటకు వలయు దిమ్మెలు మిక్కిలి ఖరీదైనవి. కొద్ది సంఖ్యలో చేయు బండికి కొయ్య చట్రమే చవుక. విజయవాడ ఆటోనగరులో లారీలకు కొయ్యతో బాడీలు కట్టుట చూచినవారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు.

క్రైస్లర్ కంపెనీ 1941లో “టౌన్ అండ్ కంట్రీ” అను పేర కొయ్య ప్రక్కలును, ఇనుప కప్పును గల వాగనును విడుదల చేసెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో యుద్ధకారణమున అమెరికాలో ప్రజలకు అమ్ము కార్ల తయారీ నిలిచిపోయినది. 1945లో మరల ఆరంభమైనప్పుడు ప్రజలయొద్ద ధనము కలదు, క్రొత్త కారు కావలెనను కోరికయు కలదు. కంపెనీలయొద్ద మాత్రము యుద్ధమునకు పూర్వపు దిమ్మెలే కలవు. పాత కారును క్రొత్తదిగ చూపుట ఎట్లు? ఆ ప్రశ్నకు దొరకిన జవాబులలో ఒకటి కొయ్య. క్రైస్లర్ వారు 1946లో కన్వర్టిబులు ప్రక్కలకును, వెనుక సామానుపెట్టె మూతకును యాష్ అను తెల్లని గట్టి కలపతో చట్రము బిగించి, నడుమ ఎర్రని మహాగని పలకలు పొదిగిరి. ఫోర్డు కంపెనీ అదే కాలమున “స్పోర్ట్స్‌మన్” అను కన్వర్టిబులును ఇట్లే చేసెను. పాత చీరకు క్రొత్త అంచు వేసినట్టి ఉపాయమిది. అయినను ఆ అంచు ఎంత అందముగ కుదిరినదనగా, నేటికిని ఆ కార్లను చూచినవారు రంగును, ఇంజనును మరచి కొయ్యనే చూతురు.

చేసిన సంఖ్య స్వల్పము. క్రైస్లర్ కన్వర్టిబుళ్లు 1946 మొదలు 1948 వరకు 8,300 పైచిలుకు. 1949 నమూనాలో 993 మాత్రమే. ఫోర్డు స్పోర్ట్స్‌మన్లు మొత్తము మీద సుమారు 3,500. కొయ్య కారు చేతిపని. చేయుటకు కాలము పట్టును, చేసినపిమ్మట కాపాడుటకు అంతకంటె ఎక్కువ పట్టును. ఏటేట వార్నీషు పూయవలెనన్న నియమమును కొన్నవారిలో పాటించినవారు కొందరే. ఎండకు ఎండి, వానకు నాని, కీళ్లు వదలి పెక్కు కార్లు పదియేండ్లలోపుననే పాడైనవి.

ఇక్కడ కొనువారు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. 1947లోనే క్రైస్లర్ వారు మహాగని పలకలను మాని, ఇనుప రేకుపై మహాగని పోలికను అచ్చువేసిన “డైనాక్” అను పొరను అంటించుట మొదలిడిరి. చుట్టునున్న యాష్ చట్రము మాత్రము నిజమైన కొయ్యయే. కావున 1948 నాటి కారులో నడుమ పలక కాగితపు పోలిక యని తెలిసినంతమాత్రమున అది మోసమని తలపరాదు. కంపెనీయే అట్లు చేసెను. దానిని పీకి నిజమైన మహాగని బిగించినవాడే నిజమునకు మూలరూపమును మార్చినవాడు! పాత వస్తువుల వ్యవహారములో ఇట్టి తలక్రిందులు తరచుగ ఎదురగును.

ఇట్టి కార్లకు భారతదేశముతో ఏమి సంబంధమని అడుగవచ్చును. క్రైస్లర్ పేరు ఈ దేశమునకు క్రొత్తది కాదు. తెలుగువారికి విశాఖపట్టణపు నౌకానిర్మాణశాల ద్వారా పరిచితుడైన వాల్‌చంద్ హీరాచంద్ ఆ కంపెనీతోనే ఒడంబడిక చేసికొనెను. విశాఖలో ఆ నౌకాశాలకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. అక్కడ నిర్మించిన “జల ఉష” 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగ నీటిలోనికి దిగినది. అదే వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించి, బొంబాయి సమీపమున కుర్లాలో 1947 నుండి డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లను కూర్చజొచ్చెను. భారతదేశమున మోటారు పరిశ్రమ నెలకొనవలెనని అంతకు పూర్వమే పాటుపడినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి వంశము మోక్షగుండము నుండి వచ్చినదని, మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు రక్షణ పథకము రచించినవారు వారేయని ఈ సభలో పెక్కురు ఎరుగుదురు.

కుర్లాలో కూర్చిన డాడ్జి, ప్లిమత్ ఇంజన్లు ఆరు సిలిండర్లవి. వాటి పని తెలిసిన ముసలి మెకానిక్కులు నేటికిని దొరకుదురు. టౌన్ అండ్ కంట్రీ కన్వర్టిబులుది వరుసగ నిలిపిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. అదియు క్రైస్లరే, ఇదియు క్రైస్లరే గదా యని కాశ్మీరీ గేటు దుకాణములలో విడిభాగములకై తిరిగినచో చెప్పులరుగుటయే ఫలము.

పెద్ద అమెరికను కార్లు ఢిల్లీకి వచ్చిన త్రోవలలో రాయబార కార్యాలయములు ఒకటి. విదేశోద్యోగులు తిరిగిపోవునప్పుడు విడిచిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను ద్వారా అమ్ముట ఒకప్పటి పద్ధతి. కావున కారు చూడబోవు గృహస్థుడు బానెట్టు ఎత్తుటకు ముందే కాగితములు అడుగవలెను: అది దేశములోనికి ఎట్లు వచ్చెను, సుంకము చెల్లినట్లు ఋజువేమి, రిజిస్ట్రేషను పుస్తకమునందలి చాసిస్ సంఖ్యయు, ఇనుముపై కొట్టిన సంఖ్యయు ఒకటియేనా? దస్త్రములతో జీవితము గడపిన ఉద్యోగులకు ఈ పని ఒకరు నేర్పవలసినది కాదు. కాని అందమైన వస్తువు ఎదుట నిలిచినప్పుడు దస్త్రము మరచుటయు మానవ సహజమే.

ఇక “పాతకాలపు” అను రెండవ మాట. దీనిని తేల్చుటకు మరియొక కారు కథ చెప్పవలసి యున్నది. నిజమైన కొయ్యతో చేసిన కన్వర్టిబులు 1949తో ముగిసినది. ముప్పది యేండ్ల పిమ్మట క్రైస్లర్ కంపెనీ దివాలా అంచునకు చేరెను. అమెరికా ప్రభుత్వము 150 కోట్ల డాలర్ల ఋణమునకు హామీ నిలిచినది. లీ అయకోకా అధ్యక్షతన కంపెనీ చిన్న కార్లు చేసి కోలుకొని, ఆ ఋణమును గడువుకు ఏడేండ్ల ముందే 1983లో తీర్చివైచెను. 1976 తరువాత అమెరికను కంపెనీలు కన్వర్టిబులు చేయుటయే మానియుండెను. అయకోకా ఒక లెబారన్ కారును పైకప్పు తీయించి తానే నడపుకొని పోగా, జనులు త్రోవలో ఆపి అది ఎక్కడ దొరకునని అడిగిరట. ఈ ముచ్చట ఆయన తన స్వీయచరిత్రలో చెప్పికొనెను. 1982లో లెబారన్ కన్వర్టిబులు వచ్చినది. 1983లో దానికి టౌన్ అండ్ కంట్రీ అను పాత పేరును, ప్రక్కలకు కొయ్య వేషమును తగిలించిరి. ఇందులో కొయ్య ఈనెంతయు లేదు. పలక స్థానమున ప్లాస్టిక్ పొర, చట్రము స్థానమున అచ్చుపోసిన ప్లాస్టిక్ బద్దలు. 1986 వరకు నాలుగేండ్లలో ఇట్టివి నాలుగు వేలకు లోపుగనే చేసిరి. ఆ విధముగ ఇదియు అరుదైనదే!

ఇప్పుడు పై ప్రకటనను మరల చదువుడు. “అరుదైన, అమెరికను, కన్వర్టిబులు” అను మాటలు 1948 కారునకు సరిపోవును, 1983 కారునకును సరిపోవును. అమ్మువాడు అబద్ధమాడలేదు. కాని చట్టము దృష్టిలో ఆ రెండింటికిని హస్తిమశకాంతరము.

కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో మోటారు వాహన నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలరూపమున నిలిచియున్న వాహనమును “వింటేజి” అని నిర్వచించెను. అట్టి దానికి 20,000 రూపాయల రుసుముతో పది సంవత్సరముల రిజిస్ట్రేషను లభించును. తిరిగి పొందుటకు 5,000 రూపాయలు. సంఖ్యాఫలకముపై రాష్ట్రాక్షరముల తరువాత “వి.ఏ.” అని యుండును. అమ్మవచ్చును, కొనవచ్చును, రవాణా శాఖకు తెలియజేయవలెను. అయితే ఆ కారుపై నిత్యము ఆఫీసునకు పోరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు మాత్రమే రోడ్డెక్కవలెను. ఢిల్లీలో 1964లో స్టేట్స్‌మన్ పత్రిక ప్రారంభించిన పాతకార్ల ర్యాలీ వంటివి ఇందుకు తగిన సందర్భములు.

మరియొక ప్రక్క, ఢిల్లీ గాలి చెడినందున 15 ఏండ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత న్యాయస్థానము 2014లో ఆజ్ఞాపించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని అమలుపరపవలెనని చెప్పెను. ఆ పిమ్మట ఈ ఆజ్ఞల అమలునుగూర్చి 2025లో సైతము వ్యవహారము మరల న్యాయస్థానము మెట్లెక్కినది.

ఈ రెండు నియమముల నడుమ 1983 నాటి కారు చిక్కుకొనును. ఢిల్లీ రోడ్డునకు అది మిక్కిలి ముసలిది. వింటేజి పేరునకు ఇంకను బాలిక. 1983లో రిజిస్టరైన దానికి 2033లో గాని ఏబది నిండవు. 1986 దానికి 2036. అంతవరకు దానిని ముసుగు కప్పి నిలుపుకొనుటయే గతి. వేడుకకొరకు కొన్న కారుపై పిల్లలను ఎక్కించుకొని ఇండియా గేటు చూపుదమనుకొన్న గృహస్థునకు ఈ లెక్క బయానాకు ముందే తెలియుట మేలు గదా!

కొయ్యను పరీక్షించుట కష్టము కాదు. అచ్చువేసిన పొరయైనచో ఒక పలకపైని చార యే పలకపైనైన మరల కనబడును. చెట్టు అట్లు తన చారను తిరిగి వ్రాయదు. తలుపు తెరచి అంచు చూచినచో కీలు అతుకును, నరము కోసిన కొయ్య ముఖమును బయటపడును. తలుపు అడుగున బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. నీరు దిగి నిలుచుచోటు అదియే, మెత్తబడినచో క్రుళ్లు మొదలైనదన్నమాట. మరమేకులచుట్టును నల్లని మరక కనబడినచో లోన తుప్పు పట్టినది. చెదలు, పుచ్చు సంగతి తెలుగిండ్ల దూలములను చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఢిల్లీ ఋతువులు ఈ కొయ్యకు శత్రువులు. మే, జూన్ మాసముల వడగాలికి ఎండి ముడుచుకొనును. జూలై రాగానే నాని ఉబ్బును. వానకాలమున బిగిసిన తలుపును భుజముతో త్రోయని తెలుగిల్లు లేదు. తెలుగు పల్లెలలో ఎండకు వదులైన బండి చక్రమును నీటిలో నానవేసి పట్టా బిగియునట్లు చేయుదురు. ఆ ఉపాయము కారునకు పనికిరాదు. దీనికి నీరు తగులకుండ కాచుటయే వైద్యము. వార్నీషు గీచి మరల పూయుట, వదలిన కీలును విప్పి బిగించుట, క్రుళ్లిన తునకను కోసి అదే జాతి కలపతో అతుకుట తెలిసిన వడ్రంగి కావలెను. కీర్తి నగర్ కలప బజారులో నేర్పరులు కలరు. బల్లలు, కుర్చీలు చేయు చేయి ఈ పనికి ఒదుగునో లేదో ఒక చిన్న తునకమీద చేయించి చూచుట మంచిది. తలుపు వంపునకు ఒక్క అంగుళము తప్పినను అది మూయబడదు.

వసంత్ కుంజ్‌లోని డి.డి.ఏ. ఇండ్లలో పెక్కింటికి కారు నిలుపు గది లేదు. ఉన్నది వీధివారగా ఆకాశము క్రింది చోటు. ఇనుప కారునకు అది చాలును. కొయ్య కారునకు, అందును గుడ్డ కప్పు కారునకు చాలదు. ప్లాస్టిక్ గుడ్డ బిగించి కప్పినచో లోపలి తడి బయటకు పోక కొయ్య మరింత వేగముగ చెడును. గాలి ఆడు నూలు గుడ్డ కప్పి, పైన రేకు పందిరి వేయవలెను. ఆ పందిరికి కాలనీ సంఘమువారి అనుమతి కావలెను, ప్రక్కింటివారి సమ్మతి కావలెను. అద్దెకు గది తీసికొన్నచో ఆ అద్దెను కారు ధరలో కలిపి లెక్క వేయవలెను.

చూచి ఆనందించుటయే కోరిక యైనచో వసంత్ కుంజ్ నుండి గురుగ్రామ్ మీదుగ తావడూ పోవుట సులభము. అక్కడ 2013 నుండి హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియము నడచుచున్నది. ఎడ్లబండి, పల్లకి మొదలు రైలు పెట్టె, విమానము వరకు అందు కలవు. పాత మోటారు కార్లకు ప్రత్యేకముగ స్థలము కేటాయించిరి. ఒక ఆదివారము కుటుంబసమేతముగ పోయి రావచ్చును. కారు కొనదలచినవారు కొనుటకు ముందు పోవలెను. పోవునప్పుడు ఒక వడ్రంగిని వెంటబెట్టుకొని పోయినచో మరియు మంచిది.